క్లబ్ అంతా ఒక్కరి చేతి మీద నడుస్తుంటే ప్రెసిడెంట్ పదవి తీసుకోవాలా?

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు చాలా వివరంగా రాసిన ఉత్తరం సారాంశం ఇది.

ఆమె ఒక సేవా క్లబ్‌లో ఏడేళ్లుగా సభ్యురాలు. ప్రస్తుతం సెక్రటరీ. జూలై 1 నుంచి ప్రెసిడెంట్‌గా ఎన్నికయ్యారు. క్లబ్‌లో 34 మంది ఉన్నా మీటింగ్‌కు వచ్చేది పన్నెండు, పదమూడు మంది. ఆమెను క్లబ్‌లో చేర్పించి, నలుగురిలో మాట్లాడటం నేర్పిన ఒక పాస్ట్ ప్రెసిడెంట్ ఉన్నారు. ఉత్తరం నిండా ఆయన్ని ‘సార్’ అనే ప్రస్తావించారు. ఏ ప్రాజెక్టు చేసినా దాదాపు సగం డబ్బు ఆయనే ఇస్తారు. అందుకే ఏ ప్రాజెక్టు చేయాలి, ఏ రోజు చేయాలి, ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి అన్నవి కూడా ఆయనే తేలుస్తారు. నిరుడు జరిగిన కంటి క్యాంపులో 180 మందిని పరీక్షించి 41 మందిని ఆపరేషన్‌కు రాశారు. వాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ జరిగిందో క్లబ్‌లో ఎవరి దగ్గరా లెక్క లేదు. ఆ క్యాంపు కోసం బయటి దాతల నుంచి వసూలు చేసిన డబ్బులో ఐదో వంతు మిగిలింది. దాన్ని ఇన్‌స్టలేషన్ డిన్నర్‌కు, అంటే కొత్త కార్యవర్గం పదవి చేపట్టే రోజు విందుకు ఖర్చు పెట్టారు. ఆ చెక్కు మీద సంతకం చేసిన ట్రెజరర్ ఈమెకు దగ్గరి స్నేహితురాలు. రెండేళ్లలో కొత్తగా చేరిన తొమ్మిది మందిలో ఆరుగురు మానేశారు. ఇప్పుడు సార్ ఈమెతో, “నువ్వు కుర్చీలో కూర్చో అమ్మా, మిగతాదంతా నేను చూసుకుంటాను” అన్నారట.

“పదవి తీసుకుంటే కీలుబొమ్మనవుతాను, వద్దంటే కృతజ్ఞత లేనిదాన్నవుతాను. డబ్బు సంగతి కదిపితే సార్‌నీ, నా స్నేహితురాలినీ ఇద్దరినీ పోగొట్టుకుంటాను. కదపకుండా ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?” అని అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో నాలుగు సంగతులు కలగలిసిపోయాయి. ఆపరేషన్‌కు రాసిన 41 మంది, డిన్నర్‌కు పోయిన డబ్బు, మీ పదవి, సార్‌తో మీ బంధం. నాలుగింటినీ ఒకేసారి తేల్చాలనుకోవడం వల్లే ఊపిరాడనట్టు అనిపిస్తోంది. వీటి గడువులు వేరు. పదవి సంగతి జూలై దాకా ఆగుతుంది. ఆ 41 మంది సంగతి ఆగదు. పైగా దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పటికే మీరు సెక్రటరీ, క్యాంపు రిజిస్టర్ మీ చేతిలోనే ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ముందు ఆపరేషన్లు చేసిన ఆసుపత్రికి క్లబ్ తరఫున ఉత్తరం రాసి, మీ క్యాంపు నుంచి వచ్చి ఆపరేషన్ చేయించుకున్నవారి జాబితా అడగండి. దాన్ని మీ 41 పేర్లతో సరిచూడండి. మిగిలినవాళ్లకు ఫోన్ చేయించండి. ఒక్కరే కూర్చుని అందరికీ చేయవద్దు, నలుగురైదుగురు సభ్యులకు తలా పది పేర్లు పంచండి. “ఎందుకు వెళ్లలేదు?” అని అడిగితే నిలదీసినట్టు ఉంటుంది. “వెళ్లడానికి ఏం అడ్డొచ్చింది?” అని అడగండి. క్యాంపుల్లో ఆపరేషన్‌కు రాయించుకున్నవాళ్లు ఆగిపోవడానికి కారణాలు దాదాపు ప్రతిచోటా ఇవే ఉంటాయి: వెంట వచ్చే మనిషి లేకపోవడం, బండి ఖర్చు, కన్ను కోస్తారన్న భయం, ఆ రోజు పని మానుకోలేకపోవడం, వెళ్లినా షుగరో బీపీయో ఎక్కువగా ఉందని తిప్పి పంపేయడం. తిరిగి వచ్చినవాళ్లకు మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పకపోతే వాళ్లు ఇక వెళ్లరు. ఈ చివరి రకం వాళ్లు మీ జాబితాలో తప్పకుండా ఉంటారు. వాళ్లను ముందు పట్టుకోండి, ఎందుకంటే వాళ్లు వెళ్లడానికి సిద్ధపడినవాళ్లే.

ఇకమీదట క్యాంపు రిజిస్టర్‌లో పేరు, వయసుతో పాటు ఈ గడులు ఉండాలి: రోగి ఫోన్ నంబరుతో పాటు ఇంట్లో ఇంకొకరి నంబరు, రెండు కళ్ల చూపు విడివిడిగా, పిన్‌హోల్ (సన్నని రంధ్రం ఉన్న అట్ట) పెట్టి చూసినప్పుడు చూపు మెరుగైందా లేదా, ఎక్కడికి రాశారు, వెళ్లాల్సిన తేదీ, వెళ్లారా, ఆపరేషన్ తేదీ, తర్వాతి పరీక్షల తేదీలు. పిన్‌హోల్‌తో చూపు మెరుగైతే చాలామందికి కళ్లద్దాలతో సరిపోతుంది, మెరుగుపడకపోతే శుక్లమో మరో జబ్బో ఉందేమో డాక్టర్ చూడాలి. ఈ ఒక్క గడి నింపితే అద్దాలతో సరిపోయేవాళ్లు ఆపరేషన్ వరసలో నిలబడరు. శుక్లం ఆపరేషన్ తర్వాత మర్నాడు, వారానికి, నెలకు అటూఇటూగా పరీక్షలుంటాయి. చుక్కల మందు కొన్ని వారాలు వేసుకోవాలి, అద్దాల నంబరు చివర్లో ఇస్తారు. కన్ను ఎర్రబడి నొప్పి పెడితే, చూపు ఉన్నట్టుండి తగ్గితే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలని రోగికీ, ఇంట్లోవాళ్లకూ చెప్పి ఉండాలి. 180 మందిని ఒక పూటలో చూడటం క్యాంపులో సులువైన భాగం. అసలు పని ఆ తర్వాతి నెల రోజుల్లో ఉంటుంది, దానికి ఫొటోలు ఉండవు. అందుకే ఆ పనికి క్యాంపుకు ముందే ఒక మనిషిని పేరు పెట్టి నియమించాలి. “అందరం చూసుకుందాం” అంటే ఎవరూ చూడరు.

ఇక డబ్బు. ఇందులో సందేహానికి తావు లేదు. కంటి ఆపరేషన్లకని బయటివాళ్లు ఇచ్చిన డబ్బుతో క్లబ్ భోజనం చేయకూడదు. మిగిలింది కొంచెమే అన్నది సమర్థన కాదు. లయన్స్ క్లబ్‌ల అంతర్జాతీయ సంస్థ విధానం ప్రకారం ప్రజల నుంచి సేకరించిన నిధులు మళ్లీ ప్రజల పనికే పోవాలి, క్లబ్ నిర్వహణ ఖర్చులు సభ్యుల డ్యూస్ (సభ్యత్వ చందా) నుంచి రావాలి. రోటరీ ఫౌండేషన్ గ్రాంట్ తీసుకున్న క్లబ్ ఆ డబ్బుకు ప్రత్యేక ఖాతా, ఇద్దరు సభ్యుల సంతకాలు పెట్టాలి, కాగితాలు కనీసం ఐదేళ్లు దాచాలి. మీ క్లబ్ ఏ సంస్థకు చెందినదైనా పద్ధతి ఇదే కావాలి: డ్యూస్‌కు ఒక ఖాతా, దాతల డబ్బుకు మరో ఖాతా.

అయితే మీ ఉత్తరంలో రాసినదాన్ని బట్టి ఎవరూ ఆ డబ్బు జేబులో వేసుకోలేదు. ఖాతా ఒక్కటే, చేతిలో డబ్బుంది, డిన్నర్ బిల్లు వచ్చింది, కట్టేశారు. ఇది దొంగతనం కాదు, పద్ధతి లేకపోవడం. ఈ తేడా మీరు మనసులో స్పష్టంగా ఉంచుకుంటేనే మీ గొంతులో నిందించే ధ్వని రాదు. సరిచేయడానికి దారి కూడా ఉంది. ఆ డిన్నర్‌కు పోయిన మొత్తాన్ని సభ్యుల సంఖ్యతో భాగించి తలా కొంత తిరిగి వేసుకోవచ్చు. లేదా ఆ సాయంత్రం వచ్చినవాళ్లు మాత్రమే వేసుకోవచ్చు. రెండో పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది కానీ, ఎవరు వచ్చారు, ఎవరు ఎంతమంది కుటుంబసభ్యులను తెచ్చారు అనే వాదనలోకి దిగుతుంది. మొదటిదే మేలు. బోర్డ్ మీటింగ్‌లో తీర్మానం చేసి, మినిట్స్‌లో (మీటింగ్ నమోదు పుస్తకంలో) రాసి, డబ్బు తిరిగి దాతల ఖాతాలో జమ చేయండి. దాన్ని ఇంకా ఆపరేషన్‌కు వెళ్లని రోగుల బండి ఖర్చులకో, ఆపరేషన్ అయినవాళ్ల అద్దాలకో వాడండి. తర్వాత దాతలకు ఒక్క పేజీ ఉత్తరం: ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎంతమందికి చూపు వచ్చింది, మిగిలింది ఎక్కడుంది. పొరపాటున వేరే ఖర్చుకు వెళ్లి తిరిగి జమ అయిందని కూడా రాయండి. దాతలకు కోపం వస్తుందని సభ్యులు భయపడతారు. నిజానికి, అడగకుండానే లెక్క చెప్పిన క్లబ్‌కు వాళ్లు మళ్లీ ఇస్తారు. లెక్క చెప్పని క్లబ్ గురించి వాళ్లు మాట్లాడరు, ఇవ్వడం మానేస్తారు, అంతే.

సార్ అందరి డబ్బూ తానే కట్టేస్తానంటారు, చూడండి. అది ఒప్పుకోవద్దు. డబ్బు వస్తుంది కానీ మీ సమస్య ఇంకా ముదురుతుంది.

ఆయనతో మాట్లాడటం ఎలా అన్నదే మీకు అన్నింటికన్నా బరువుగా ఉంది, తెలుస్తోంది. బోర్డ్ మీటింగ్‌లో మొదటిసారి ఈ సంగతి ఆయన చెవిన పడకూడదు. పదిమందిలో వింటే ఆయన సమాధానం చెప్పుకోవాల్సిన మనిషి అయిపోతారు, అక్కడితో వినడం ఆగిపోతుంది. ఆయన ఇంటికో, ఆఫీసుకో ముందు చెప్పి ఒక్కరే వెళ్లండి. రెండు కాగితాలు తీసుకెళ్లండి. ఒకటి క్యాంపు జమాఖర్చులు, రెండోది ఫోన్లు చేశాక తేలిన రోగుల లెక్క. రోగుల కాగితం ముందు పెట్టండి. క్యాంపు ఆయన మనసుకు దగ్గరిది. తాను చేసిన పని సగంలో ఆగిందని తెలిస్తే ఆయనకే ఎక్కువ బాధ కలుగుతుంది. ఆ తర్వాత రెండో కాగితం చూపి, “సార్, ఇది తిరిగి ఆ ఖాతాలో వేయాలి. ఎలా వేద్దామో మీరూ ఆలోచించండి” అనండి. ఎందుకు జరిగింది, ఎవరు చెప్పారు అన్న ప్రశ్నల జోలికి వెళ్లవద్దు.

రోటరీ క్లబ్‌లు పాటించే నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటుంది, 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి రాసినది. ఇది నిజమేనా, సంబంధం ఉన్న అందరికీ న్యాయమేనా, సద్భావాన్నీ స్నేహాన్నీ పెంచుతుందా, అందరికీ మేలు చేస్తుందా అని. చాలామంది మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయి, స్నేహం చెడుతుందని మొదటి రెండింటినీ దాటేస్తారు. వరస గమనించండి. నిజం, న్యాయం ముందున్నాయి. ఆ రెండూ తేలాకే స్నేహం గురించి అడిగారు. సార్ దగ్గరికి వెళ్లేముందు మీ మాటలను ఈ వరసలోనే సరిచూసుకోండి.

కృతజ్ఞత గురించి ఒక మాట. ఆయన మీకు ధైర్యంగా మాట్లాడటం నేర్పారు. ఆ నేర్చుకున్నదాన్ని ఆయన ముందు మాత్రం వాడకూడదన్న షరతు అందులో లేదు.

పదవి విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఏమీ అనకుండా తీసుకోవడం. ఏడాది గొడవ లేకుండా గడుస్తుంది. కానీ వచ్చే జూన్ నాటికి మీ సంతకంతో ఇలాంటి చెక్కులు మరికొన్ని ఉంటాయి, అప్పుడు మాట్లాడే హక్కు మీకూ ఉండదు. రెండు, వద్దని తప్పుకోవడం. మనశ్శాంతి దొరుకుతుంది, కానీ మీ స్థానంలో అడగని మనిషి వస్తారు, మీ స్నేహితురాలు ఒంటరి అవుతారు. ఆరోగ్యం, ఇల్లు, ఉద్యోగం లాంటి కారణాలుంటే తప్పుకోవడంలో తప్పులేదు. లేదంటే ఒక ఏడాది వాయిదా అడిగి, ఈలోగా సర్వీస్ ప్రాజెక్టుల బాధ్యత తీసుకోవచ్చు. అది మధ్యేమార్గం. డబ్బు, రోగుల లెక్క రెండూ ఆ స్థానం నుంచి కూడా సరిచేయవచ్చు. మూడు, పద్ధతులు ముందే ఖాయం చేసుకుని తీసుకోవడం. నా మొగ్గు దీని వైపే. కానీ ఇందులో రాపిడి ఉంటుంది. మొదటి మూడు నెలలు కొందరు ముభావంగా ఉంటారు, ఒకరిద్దరు మీటింగ్‌కు రావడం మానేయవచ్చు. అది తట్టుకోగలరా అన్నది మీరే చూసుకోవాలి.

జిల్లా గవర్నర్‌కు (క్లబ్‌ల జిల్లాకు పెద్దగా ఉండే సభ్యుడికి) ఫిర్యాదు చేయడం కూడా ఒక దారే, కానీ ఇప్పుడు కాదు. బోర్డులో లిఖితపూర్వకంగా లేవనెత్తి, వాళ్లు సరిచేయడానికి నిరాకరిస్తే అప్పుడు. ముందే వెళితే క్లబ్ అంతా డబ్బు సంగతి వదిలేసి మీ సంగతి మాట్లాడుకుంటుంది.

మూడో దారి పడితే, బోర్డు నుంచి కోరాల్సినవి ఎక్కువ లేవు. రెండు ఖాతాలు. ప్రతి చెక్కు మీద రెండు సంతకాలు, ఆ రెండూ ఒకే కుటుంబానివో ఒకే వ్యాపారానివో కాకూడదు. వోచర్ లేని ఖర్చు తిరిగి చెల్లించకపోవడం. ప్రతి నెలా ట్రెజరర్ ఒక పేజీ నివేదిక ఇవ్వడం, అందులో మొదటి నిల్వ, జమలు, ఖర్చులు, చివరి నిల్వ, పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్. సంతకాలు చేయని ఒక సభ్యుడు ఏడాదికి రెండుసార్లు లెక్క చూడటం. ప్రాజెక్టు అయిపోయిన నెల రోజుల్లో ముగింపు నివేదిక. సంతకాల మార్పుకు బ్యాంకులో సమయం పడుతుంది, కాబట్టి ఆ కాగితాలు జూన్ మొదట్లోనే కదపండి. లేకపోతే జూలై, ఆగస్టుల్లో పాత సంతకాలతోనే చెక్కులు వెళ్తాయి. పదవిలోకి వచ్చేముందు సభ్యుల బకాయిలు, ఇస్తామని మాటిచ్చి ఇంకా ఇవ్వని విరాళాలు, క్లబ్ పేరు మీద ఉన్న సామాన్ల జాబితా రాతపూర్వకంగా తీసుకోండి. మొహమాటపడి నోటిమాటగా తీసుకున్న చార్జ్ తర్వాత మీ మెడకే చుట్టుకుంటుంది.

సార్ ఇచ్చే సగం డబ్బు సంగతి కాస్త లోతుగా చూడాలి. ఆయన ఉదారతలో కల్మషం ఉందని నాకనిపించలేదు. కానీ లోటు ఎప్పుడూ ఒకరే పూడుస్తుంటే మిగిలిన 33 మందికి ఇవ్వాల్సిన అవసరం కనపడదు, అడగాల్సిన అవసరమూ కనపడదు. మర్రిచెట్టు కింద మొక్క ఎదగదు, అందులో మర్రి తప్పేమీ లేదు. వచ్చే ఏడాది బడ్జెట్‌ను ఆయన విరాళం సున్నా అనుకుని వేయండి. సభ్యులు ఎంత వేయగలరు, బయట ఎంత అడగగలరు, దాంతో ఎంత పని అవుతుంది అని లెక్కకట్టండి. ప్రాజెక్టులు ఆరు నుంచి రెండుకు తగ్గవచ్చు. తగ్గనివ్వండి. చివరిదాకా వెంబడించిన రెండు ప్రాజెక్టులు, ఫొటోతో ఆగిపోయిన ఆరింటికన్నా ఎక్కువమందికి అందుతాయి. ఆయన ఇచ్చేది ఆ బడ్జెట్ మీద అదనంగా, ముందే చెప్పిన ఒక పనికి తీసుకోండి. ఉదాహరణకు రోగుల వాహనాల ఖర్చు మొత్తం. ఆయనకు నిజమైన బాధ్యత కూడా ఇవ్వండి. దాతల పరిచయాలు ఆయనకున్నంత ఇంకెవరికీ లేవు కాబట్టి విరాళాల కమిటీ చైర్మన్ పదవి సహజంగా సరిపోతుంది. ఏం చేయాలో నిర్ణయించేది బోర్డు, అందుకు దాతలను తెచ్చేది ఆయన. ఈ గీత మొదటి రోజే గీయాలి. “మిగతాదంతా నేను చూసుకుంటాను” అన్న మాటకు మీ జవాబు కూడా ఇదే కావచ్చు: “అంతా వద్దు సార్, ఈ ఒక్కటీ మీరు చూడండి.”

మానేసిన ఆరుగురి గురించి మీరు రెండే వాక్యాలు రాశారు. నాకు మాత్రం మీ క్లబ్ భవిష్యత్తు అక్కడే ఉందనిపించింది. వాళ్లకు ఫోన్ చేసి, తిరిగి రమ్మనకుండా, ఎందుకు మానేశారో మాత్రమే కనుక్కోండి. పని ఇవ్వలేదనో, ఎవరూ పలకరించలేదనో చెబుతారు. కొత్త సభ్యుడికి మొదటి నెలలోనే చిన్నదైనా సొంత పని ఉండాలి: క్యాంపు రిజిస్టర్ రాయడమో, పది మంది రోగులకు ఫోన్ చేయడమో. తోడుగా ఒక పాత సభ్యుడు ఉండాలి. చేర్పించిన వ్యక్తే తోడుంటే కొత్తవారు ఆ ఒక్కరి గుంపులోనే ఉండిపోతారు, అందుకని వేరొకరిని పెట్టండి.

ఫెలోషిప్ (సభ్యుల మధ్య స్నేహం) అంటే డిన్నర్ అన్న అలవాటు చాలా క్లబ్‌లలో పాతుకుపోయింది. 1905లో చికాగోలో పాల్ హారిస్, మరో ముగ్గురు కలిసి రోటరీ మొదలుపెట్టినప్పుడు వాళ్లు వంతులవారీగా ఒకరి పనిచోట ఒకరు కలుసుకునేవారు. రోటరీ (వంతులు తిరిగేది) అన్న పేరు అలా వచ్చిందే. స్నేహం ముందు, సేవ తర్వాత మొదలైంది. ఊళ్లో ప్రజల కోసం మరుగుదొడ్లు కట్టించే పని వాళ్లు 1907లో ఎత్తుకున్నారు. ఒకరి పనిచోట ఒకరు కలుసుకునే ఆ పద్ధతి మీరూ పెట్టవచ్చు. నెలకొక మీటింగ్ ఒక సభ్యుడి దుకాణంలోనో, బడిలోనో, క్లినిక్‌లోనో జరపండి. ఆ సభ్యుడు ఇరవై నిమిషాలు తన పని చూపిస్తారు. ఖర్చు ఉండదు, ఏడేళ్లుగా పక్కపక్కన కూర్చుంటున్నవాళ్లకు పక్కవాడి వృత్తి మొదటిసారి అర్థమవుతుంది. ఎవరికి ఏ పని అప్పగించవచ్చో మీకూ తెలుస్తుంది. మీటింగ్ గంటలో ముగించండి. అందులో ప్రసంగాలు, సన్మానాలు కలిపి పదిహేను నిమిషాలు దాటనివ్వవద్దు.

చివరగా మీ స్నేహితురాలు. సార్ కన్నా ముందు ఆమెతో మాట్లాడండి. సంతకం ఆమెది, కాబట్టి భయం కూడా ఆమెదే ఎక్కువ. మీరు సార్ దగ్గరికి వెళ్లిన సంగతి మూడో మనిషి ద్వారా తెలిస్తే ఆ స్నేహం నిలవదు. “నువ్వు తప్పు చేశావు” అనకుండా, “ఆ డబ్బు తిరిగి వేయించే తీర్మానం మనిద్దరం కలిసి రాద్దామా?” అని అడగండి. ఒప్పుకుంటే ఆ తీర్మానాన్ని బోర్డులో ప్రవేశపెట్టేది ఆమే కావాలి. ట్రెజరర్ తానే లెక్క సరిచేసినట్టు మినిట్స్‌లో నమోదవుతుంది, అది ఆమెకు రక్షణ. ఒప్పుకోకపోతే కొన్ని రోజులు ఆలోచించుకోనివ్వండి, కానీ తేదీ చెప్పండి. తర్వాతి బోర్డ్ మీటింగ్ ఎజెండా పంపే రోజే ఆ తేదీ. అప్పటికీ ఆమె ముందుకు రాకపోతే, ఎజెండాలో ఆ అంశాన్ని సెక్రటరీగా మీరే చేర్చాలి. చేరుస్తున్నానని ఆమెకు ముందురోజు చెప్పి మరీ చేర్చండి.